వసీలా నలభయ్యో రోజు

వసీలా చనిపోయి నలభై రోజులైంది. సంస్మరణ సభ సాయంత్రం నాలుగింటికి. మూడింటికే గాబెస్ పట్టణంలో సభ జరగాల్సిన హాలుకు తాళం పడింది. మరమ్మతులని తలుపు మీద కాగితం అంటించారు.

వసీలా చిన్ననాటి స్నేహితురాలు హెదియా కాగితం రెండుసార్లు చదివింది. ఆమె చేతిలో నాలుగు పేజీల ప్రసంగం ఉంది. మెట్ల మీద ముప్పై మంది దాకా ఉన్నారు. సగం మంది వకీళ్లు, కోర్టు నుంచి నల్ల గౌన్లతోనే వచ్చారు. జైలుపాలైన కార్మికుల తరఫున వసీలా ముప్పై ఏళ్లు వాదించింది వాళ్లతో కలిసే.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు హెదియా దగ్గర చదువుకున్నవాడు.

"టీచరమ్మా, ఇళ్లకెళ్లండి. ఇక్కడ గుంపుగా నిలబడకూడదు."

"నిలబడంలే."

ఇద్దరూ చదువుకునే రోజుల్లో, లా కాలేజీలో సమావేశాలు నిషేధించిన ఏడాది వసీలా అందరినీ మైదానానికి తీసుకెళ్లింది. పదిహేను వందల మీటర్ల పరుగులో ఆమెను అందుకున్నవాళ్లు లేరు. "పరిగెడుతూ మాట్లాడుకుందాం. ఎవరాపుతారో చూద్దాం" అంది. ఏడు చుట్లలో సమ్మె ఖాయమైంది. హెదియా రెండో చుట్టుకే కూలబడింది. పోలీసులు ఆమెనొక్కదాన్నే పట్టుకుపోయారు.

మర్నాడు వసీలా స్టేషన్‌కొచ్చింది. "ఒక్కతే కూర్చుంటే గుంపెలా అవుతుంది సార్?" అని సాయంత్రం దాకా అదే అడిగింది. విసిగిపోయి వదిలేశారు. వసీలా వాదించిన మొదటి కేసు అదే. బయటికొచ్చాక, "ఇంకోసారి కూర్చున్నావంటే నేను రాను" అంది.

హెదియా రోడ్డు దాటి ఎదురుగా ఉన్న స్టేడియంలోకి నడిచింది. మిగతావాళ్లు వెనకే వచ్చారు. ట్రాక్ మీద నడుస్తూ ఆమె మొదటి పేజీ గట్టిగా చదివింది.

ఇన్‌స్పెక్టర్ పక్కనే నడవాల్సి వచ్చింది.

"ఏంటిది టీచరమ్మా?"

"నడక. డాక్టర్ చెప్పాడు."

"ఈ గౌన్లేంటి?"

"చలేస్తోందయ్యా" అన్నాడు వెనక నుంచి ఓ ముసలి వకీలు. అది జూన్ నెల.

రెండో చుట్టులో హెదియా మోకాలు మొరాయించింది. ఆమె కుంటుతూనే పేజీ తిప్పింది. ఇన్‌స్పెక్టర్ గట్టు వైపు చూపించాడు.

"కాసేపు కూర్చోండి టీచరమ్మా. నేనేమీ అనను."

"కూర్చోనురా" అంది హెదియా. "ఇంకా రెండు పేజీలున్నాయి."