భావనారాయణ లారీ ఆట

భావనారాయణకు యాభై ఏడేళ్లు. చీరల వ్యాపారం, భవానీపురంలో సొంత ఇల్లు. మైలవరం వైపు దుకాణాలకు సరుకు వేయాల్సి వచ్చినప్పుడల్లా వ్యాను తనే నడుపుకుంటూ వెళ్లేవాడు. ఆ వయసులో ఆయన కంప్యూటర్ ఆట మరిగాడు. లారీ నడిపే ఆట.

కూతురు మాధురి ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొన్న డెస్క్‌టాప్ ముందుగదిలో ఊరికే పడి ఉండేది. ఆమె ఆఫీసులో ఎవరో వదిలించుకుంటున్న ఆట స్టీరింగు తెచ్చి దానికి తగిలించింది. అప్పటినుంచి ఆయన దుకాణం కట్టేసి రావడం, కాఫీ తాగడం, లారీ ఎక్కడం.

కాకపోతే ఆ పాత కంప్యూటర్‌కు ఆట బరువైంది. బొమ్మ ఆగి ఆగి కదిలేది. మలుపులో ఒక్క క్షణం బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి లారీ దేన్నో గుద్ది ఉండేది.

"ఇది కంప్యూటరా ఏంటే? ఇప్పుడు బ్రేకు తొక్కితే రేపు పడుద్ది" అని విసుక్కునేవాడు.

ఒక ఆదివారం మాధురి సామాన్లు తెచ్చి కేబినెట్ విప్పింది. ఫ్యాను మీద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. దాన్ని బ్రష్షుతో దులిపి, హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డి పెట్టింది. ర్యామ్ పెంచింది. బొమ్మ సాఫీగా కదలడానికి గ్రాఫిక్స్ కార్డు బిగించి, కరెంటు అందించే పాత ఎస్ఎంపీఎస్ పెట్టె దానికి చాలదని అదీ మార్చింది.

"ఇంత అవస్థ ఎందుకే, కొత్తది కొంటే పోలా?" అంది తల్లి వెంకటరావమ్మ.

"ప్రాసెసర్ బానే ఉందమ్మా. కార్డు లేకే ఇబ్బంది పడుతోంది."

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర వెలగలేదు. "చెడగొట్టావా?" అన్నాడు భావనారాయణ. ర్యామ్ తీసి మళ్లీ బిగించి చూసింది. ఫలితం లేదు. చివరికి చూస్తే, అలవాటుకొద్దీ మానిటర్ కేబుల్ పాత చోటే గుచ్చింది. కార్డుకు మార్చగానే తెర వెలిగింది.

ఆట నీళ్లలా సాగింది. తడి రోడ్డు మెరుపు, చెట్ల ఆకుల కదలిక కూడా కనిపిస్తున్నాయి. భావనారాయణ మొహం విప్పారింది. ఊరు దాటకముందే ఎడమ పక్కన ఆగి ఉన్న బైకును గుద్దాడు. మళ్లీ మొదలుపెట్టి ఎడమ పక్క స్తంభాన్ని గుద్దాడు.

"స్టీరింగులో ఏదో ఉందే" అన్నాడు.

మాధురి కూర్చుని అదే దారిలో నడిపింది. ఏదీ తగల్లేదు. మళ్లీ ఆయన్ని కూర్చోబెట్టి పక్కన నిలబడింది. లారీ తిన్నగా వెళ్లి ఇంకో బైకును గుద్దింది. ఆయన బ్రేకు మీద కాలు కూడా వేయలేదు.

"నాన్నా, ఆ బైకు కనపడలేదా?"

"ఏ బైకు?"

ఆమె ఆట ఆపేసింది. తర్వాత ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, తన ముక్కు వైపే చూడమని చెప్పి, చేతులు చాచి వేళ్లు ఆడించింది. కుడివైపు వేలు కదిలితే వెంటనే చెప్పాడు. ఎడమవైపు, కిందకు, ఎంతసేపు ఆడించినా ఏమీ అనలేదు.

"వ్యానుకు ఆ పక్క అద్దం పోయి ఎన్నాళ్లయిందండీ?" అంది వెంకటరావమ్మ మెల్లగా. వ్యానుకు ఎడమ తలుపు కూడా గీసుకుపోయి ఉంది. రెండూ ఆటోల వాళ్ల పనే అని అప్పట్లో ఆయన చెప్పాడు.

"నా కళ్లకేం? వెయ్యి చీరల్లో ఒక పోగు తేడా ఉంటే పట్టేస్తా" అని లేచిపోయాడు. మర్నాడు మాధురి సెలవు పెట్టి కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే మాత్రం కాదనలేదు.

అక్కడ గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అన్నీ నొక్కాననుకుని ధీమాగా బయటికొచ్చాడు. డాక్టరమ్మ చూపించిన బొమ్మల్లో రెండు కళ్లకూ ఎడమవైపు కింది భాగం నల్లగా ఉంది.

"ఆ నలుపు నాకెక్కడా కనపడట్లేదండీ" అన్నాడు.

"నల్లగా కనపడదండీ. అక్కడ ఏదో ఉందనే అనిపించదు."

స్కాన్ తీయించారు. ఎప్పుడో, తెలియకుండానే, మెదడులో చూపుకు సంబంధించిన చోట రక్తం గడ్డకట్టింది. కళ్లకు ఏమీ కాలేదు. బీపీ బాగా ఎక్కువగా ఉంది, ఆ సంగతి ఆయనకు తెలియదు. పోయిన చూపు తిరిగి రావడం కష్టమనీ, ఇంకోసారి గడ్డకట్టకుండా మందులు వాడాలనీ, బండి మాత్రం నడపవద్దనీ చెప్పారు.

మాధురి నడుపుతున్న కారులో ఇంటికొస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. కారు ఎడమ పక్కన ఒకావిడ పిల్లను ముందు నిలబెట్టుకుని స్కూటీ ఆపింది. భావనారాయణ తల పూర్తిగా తిప్పి, సిగ్నల్ మారేదాకా వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

"ఇన్నాళ్లు ఎట్లా నడిపానే?" అన్నాడు.

మాధురి కారు ముందుకు పోనిచ్చింది.

వ్యాను తాళాలు దుకాణంలో పనిచేసే ఎలీషాకు ఇచ్చాడు. ఎడమ పక్కకు తల తిప్పి చూసే అలవాటు చేసుకోమని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి ఆట మానలేదు. కొన్నాళ్లకు గుద్దడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. గుద్దినప్పుడు మాత్రం కంప్యూటర్‌ను తిట్టడం మానేశాడు.

మైలవరం ఇప్పుడూ వెళ్తున్నాడు, ఎలీషా పక్క సీట్లో కూర్చుని. ఇంటికి రాగానే వెంకటరావమ్మతో ఫిర్యాదు మొదలవుతుంది.

"వాడు లారీని దాటడే! ఆటోలు కూడా మమ్మల్ని దాటి పోతున్నాయి."

"పోనివ్వండి" అని ఆవిడ బీపీ మాత్ర, నీళ్లు చేతికిస్తుంది.