గాలికన్ను

గాలికన్ను అని రాసి పెన్ను ఆపేశాను, విండో అంటే కిటికీ అని ఒక్క ముక్క రాసి పడేస్తే పోయేది, కానీ మా నిఘంటువు పెద్దాయన ఊరుకుంటాడా, పుట్టుక కూడా రాయమ్మా, సాయంత్రానికల్లా పంపు అని పొద్దున్న ఫోనులో ప్రాణం తీశాడు, సరే అని వెతికితే ఇది దొరికింది, ఎప్పుడో ఉత్తరపు సముద్రాల మీద ఓడల్లో వచ్చినవాళ్ళు ఇంగ్లీషుకి ఇచ్చిపోయిన మాటట, గాలికి వాళ్ళ మాటా కంటికి వాళ్ళ మాటా కలిపితే విండో అట, అంతకు ముందు కూడా అక్కడివాళ్ళు దాన్ని కంటిరంధ్రం అనేవాళ్ళట, ఒళ్ళు ఝల్లుమంది, మన గవాక్షం అంటే ఆవుకన్ను కదా, ఆ ఓడలవాళ్ళు మన ఆవుని ఎప్పుడు చూశారు, వాళ్ళ గాలి మనకెప్పుడు తగిలింది, ఎవరూ ఎవరినీ అడక్కుండానే గోడకి బెజ్జం పెట్టి కన్ను అనుకున్నారు, ఇన్నేళ్ళుగా మాటలతోనే బతుకుతూ ఈ సంగతి నాకు ఇవాళటికా తెలియడం, నాన్నకి చెబుదామని తల తిప్పాను.

నాన్న అటు తిరిగే పడుకుని ఉన్నాడు, పదకొండు రోజులుగా ఇంతే, నా రాతబల్ల ఆయన మంచం పక్కనే, పాలు పడితే రెండు గుటకలు, వద్దే అనడం కూడా మానేశాడు, నిన్న డాక్టరు నన్ను గుమ్మం బయటికి పిలిచి, ఊపిరితిత్తులు కుదురుకున్నాయమ్మా, ఆయనే బతుకు మీద ఆశ వదిలేసుకున్నారు, మాట్లాడించండి, ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో ఉండరు అన్నాడు, ఏం మాట్లాడించను, నాన్నా, విండో అంటే గాలికన్నట, తెలుసా అన్నాను, తల ఇటు తిప్పలేదు, నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి, కిటికీ అంటే చాలు చెవులు రిక్కించేవాడు, కొలబద్ద తీయడానికి ముందు ఇంటివాళ్ళని మంచం ఎక్కడేస్తారు అని అడిగి, ఆ చోట వట్టి నేల మీద వెల్లకిలా పడుకునేవాడు, అక్కణ్ణించి కంటికి ఎంత ఆకాశం కావాలో చూసుకుని గోడ మీద గీత గీయించేవాడు, అన్నం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు నేనూ చూశాను, తాపీవాళ్ళు నవ్వేవాళ్ళు, మేస్త్రీ గారికి కునుకు పట్టిందిరోయ్ అని, నిలబడ్డవాడికి వీధంతా ఉందిరా, పడుకున్నవాడికే కిటికీ కావాలి అనేవాడు నాన్న, వాళ్ళతో పాటు నేనూ నవ్వాను.

ఎందుకో పెన్ను పక్కన పెట్టి ఆయన మంచం పక్కన నేల మీద వెల్లకిలా పడుకున్నాను, నడుం కలుక్కుమంది, ఆయన చూసేవైపే చూశాను, ఏముందీ, పుస్తకాల బీరువా, చల్లగాలి తగలకూడదని డాక్టరు చెప్పిన రోజు కిటికీకి అడ్డంగా నేనే ఈడ్చి పెట్టిన బీరువా, దాన్నిండా నా నిఘంటువులే, దగ్గు తగ్గింది, జ్వరం తగ్గింది, బీరువా మాత్రం అక్కడే ఉండిపోయింది, దాని వెనక కిటికీ ఉందన్న సంగతే మరిచిపోయాను, ఈయనేమో అడగడు, ఒకరిని అడిగే అలవాటు ఎప్పుడూ లేదు, ఎంత పని చేశాను, సిగ్గుతో ముఖం వేడెక్కింది.

పుస్తకాలు చేతికందినన్ని దించి నేల మీద కుప్ప పోశాను, భుజం ఆనించి తోస్తే బీరువా కిర్రుమంటూ జరిగింది, గడియ బిగుసుకుపోయింది, రెండు గుద్దులు గుద్దితే వచ్చింది, వెలుతురు మంచం మీదికి, ఆయన గడ్డం మీదికి, ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పటి ఊగుతోంది, దానిపైన ఇంత ఆకాశం, నాన్న కళ్ళు చికిలించి చూశాడు, చాలాసేపు చూశాడు, పెదవులు కదిలితే వంగి చెవి పెట్టాను, ఎవడే ఈ చట్రం పెట్టింది, జానెడు కిందికి ఉండాలి అన్నాడు, నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, తలగడ ఎత్తు చేయనా నాన్నా అంటే చెయ్యి అన్నాడు, పాలూ అడిగాడు, ఫోను మోగుతోంది, పెద్దాయనే అయ్యుంటాడు, మోగనీ, రాస్తాను, గాలిదనీ రాస్తాను, ఆవుదనీ రాస్తాను, కానీ ఆ కన్ను మంచం మీదున్నవాడిదని, ఏ పుస్తకమూ తెరవకుండా, వట్టి నేల మీద పడుకుని తెలుసుకున్న మనిషి ఇదుగో నా పక్కనే ఉన్నాడు.