ఎండ పొడ గిట్టని జిగురు

నేను ఒక చిన్న నల్ల సీసాలో కాపురముండే జిగురును. నాకు ఎండ పొడ గిట్టదు. చీకట్లో ఉన్నంతకాలం తేనెలా పారుతుంటాను. ఎండ తగిలినా, నాకోసం చేసిన ఊదారంగు టార్చి వెలుగు తగిలినా చూస్తుండగానే గట్టిపడిపోతాను. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా నన్ను కరిగించలేడు.

పుట్టింది ఏదో చలిదేశంలో, పసుపుపచ్చ దీపాల కింద. ఇప్పుడు తలుచుకుంటే అదంతా ఎవరో కన్న కలలా ఉంటుంది. ఓడెక్కి వచ్చి, బెంగళూరులో గాలాలు అమ్మే దుకాణంలో ఆరు నెలలు నిద్రపోయి, పార్సిల్లో అరకు చేరాను. తెప్పించుకున్నది వరహాలు, రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరైన మనిషి. గాలానికి ఈకలూ దారమూ చుట్టి ఉత్తుత్తి ఈగలు కట్టడం ఆయన సరదా. వాటిని నీళ్ల మీద వదిలితే చేప నిజం ఈగేననుకుని నోరు తెరవాలి. ముడి ఊడకుండా ఈగ తల మీద నన్నొక బొట్టు పెట్టి టార్చి వేస్తాడు. చేపను మోసం చేయడానికి పడే శ్రద్ధలో సగం చదువు మీద పెట్టి ఉంటే కలెక్టరయ్యేవాడని భార్య తవిటమ్మ అంటూ ఉంటుంది. నాకూ అలాగే అనిపిస్తుంది.

ఈ విద్య ఆయనకు నేర్పింది అన్న అప్పలసూరి. ఆ అన్నకు కంట్లో నీటికాసులు. ఒక కన్ను పోయింది, రెండో కంటికి మసక మిగిలింది. అదీ ఎండాకాలం దాకా నిలవదని డాక్టరు చెప్పాడట. తాను కనిపెట్టిన పసుపు ఈగ నీళ్ల మీద తేలడం ఒక్కసారి చూడాలని తమ్ముడికి ఫోన్ చేశాడు. మర్నాడు రైల్లో వస్తున్నాడు. మసక కంటికి ఆనాలంటే ఈగ తల మెరవాలి. ఆ మెరుపు నేనివ్వాలి. కొత్త సీసా రావాలంటే ఇరవై రోజులు పడుతుంది.

అదేమో డిసెంబరు. అరకు చలికి నేను సీసాలో ముద్దకట్టుకుపోయాను. వరహాలు మూత తీసి ఎంత నొక్కినా బొట్టు రాలేదు. పాడైపోయాననుకుని, నన్ను మూత లేకుండానే బల్ల మీద వదిలేసి, మెరిసే జిగురు ఇంకేదైనా దొరుకుతుందేమోనని బజారుకు వెళ్లాడు. తవిటమ్మ నన్ను చూసింది. చలికాలం ఆ ఊళ్లో ప్రతి గోడ మీదా పేరుకున్న కొబ్బరినూనె సీసా ఎండ కాగుతూ ఉంటుంది. ఆమె మంచి మనసుతో నన్నూ దాని పక్కన కూర్చోబెట్టింది.

ఎండ అంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. పక్కన నూనె కరుగుతోంది, నేను మూతి దగ్గర నుంచి రాయినవుతున్నాను. భయపడాలని కూడా తోచలేదు. ఒళ్లంతా వెచ్చని మగతగా ఉంది.

వరహాలు ఉత్తచేతులతో తిరిగొచ్చి, నన్ను చూసి, అరుగు మీద కూలబడ్డాడు.

"కొబ్బరినూన నాగే కరుగుతాదనుకున్నాను," అంది తవిటమ్మ.

"ఇది ఎండకి రాయైపోతాదే. ఇప్పుడు అన్నకేటి సూపింతును?"

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. నన్ను తీసుకుని లోపలికి నడిచింది. సీసా నలుపు కాబట్టి ఎండ మూతి దాటి ఉండదని ఆమె ఆశ. కిటికీ తెరలు వేసి, గట్టిపడ్డ మూతిని పీకేసి, కింద బిగిసిన పొరను సూదితో తీసింది. పైన మూత బిగించి, గోరువెచ్చని నీళ్ల గ్లాసులో నన్ను నిలబెట్టింది. పసిపిల్లకు నీళ్లు పోసేముందు చూసినట్టు మోచేత్తో వేడి చూసి మరీ పెట్టింది. పావుగంటకు నా ముద్ద సడలింది. అడుగున నేనింకా బతికే ఉన్నాను.

ఆ సాయంత్రమే వరహాలు పసుపు ఈగ కట్టాడు. సూది మొన మీది నుంచి జారి దాని తల మీద కూర్చున్నాను. సీసా మూత పెట్టాకే టార్చి వేశాడు. మిగిలిన నన్ను తవిటమ్మ పాత గొడుగు గుడ్డలో చుట్టి, చలీ ఎండా చేరని వంటింటి అలమారలో నిలబెట్టింది.

ఈగ తల మీది బొట్టు కూడా నేనే కదా, మర్నాటి సంగతీ చెబుతాను. పొద్దున్న రైలు దిగి నేరుగా వచ్చి, ఊరి కొండవాగు గెడ్డ ఒడ్డున, మోకాలి లోతు నీళ్లలో అప్పలసూరి నిలబడ్డాడు. తమ్ముడు మోచెయ్యి పట్టుకున్నాడు. అన్న దారం విసిరాడు. ఆ చెయ్యి ఏదీ మరిచిపోలేదు. మంచులోంచి ఎగిరి నీళ్ల మీద వాలాను, కాస్త దూరం తేలాను. అంతలో ఒక సుడి నన్ను ఒడ్డు పక్క రెల్లు నీడలోకి నెట్టింది. అక్కడ నేను మెరవలేదు. గెడ్డ నడుమ, తడిసిన రాళ్ల మీద మాత్రం ఎండ తళతళలాడుతోంది. అప్పలసూరి అటే చూస్తున్నాడు.

"కనిపిస్తందిరా వరహాలూ," అన్నాడు. "తల ఎలగ మెరుస్తందో సూడు."

వరహాలు రెల్లులో ఉన్న నన్ను చూశాడు. తర్వాత అన్న ముఖం చూశాడు.

"అవునన్నా, బాగా మెరుస్తంది."

నన్ను వెనక్కి లాగడానికి ఆయన దారం ముట్టుకోలేదు. అన్న కళ్లారా చూడడం అయ్యేదాకా నన్ను ఆ నీడలోనే ఉండనిచ్చాడు.