బుంగమూతి పస్తులు

మా తాబేళ్ల ఆసుపత్రిలో రోగులెవరూ నోరు విప్పి బాధ చెప్పుకోరు. ఆ లోటు మా అత్తగారు తీరుస్తుంటారు. ఆవిడకు జీతం గీతం ఏమీ లేదు. ఇంట్లో తోచక నా వెంట వచ్చి చేపలు కోసిపెడతారు. వలలో చిక్కుకుని, ముందుకాలు కోసుకుపోయి మా దగ్గరికి చేరిన ఆడ తాబేలుకు ‘బుంగమూతి’ అని పేరు పెట్టిందీ ఆవిడే.

గాయం మానింది. ఇక సముద్రంలో వదలాలంటే ఒక్కటే పరీక్ష: తొట్టెలో వేసిన పీతలను తనంతట తానే పట్టుకుని తినాలి. తినలేదో, బతుకంతా గాజు తొట్టెలో జనం చూసిపోయే బొమ్మే. శుక్రవారం పైఅధికారి వచ్చి తేలుస్తానన్నాడు. ఈ మహాతల్లి చూస్తే, పీతలు ముక్కు మీద నడిచినా పట్టించుకోదు. రక్తపరీక్ష చేశాను, ఎక్స్‌రే తీశాను. మనిషికైతే కుళ్లు పుట్టేంత ఆరోగ్యం, గుండ్రాయిలా ఉంది. ఇన్నేళ్ల నా వైద్యానికి అంతుపట్టక ఒళ్లు మండిపోయింది.

సోమవారం పొద్దున అత్తగారిని దింపి బయటికి వెళ్లినదాన్ని, ఫోను మరిచిపోయి వెనక్కి వచ్చాను. ఆవిడ తొట్టె మీదికి వంగి బుంగమూతి నోటికి చేపముక్క అందిస్తున్నారు. “ఇంకొక్కటి, ఇదే ఆఖరుది!”

“అత్తయ్యా!” అని అరిచాను. ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు.

“అరుస్తావేమిటే? అది పస్తులుంటే నాకు ముద్ద దిగుతుందా?”

“మీరు పెడుతుంటే దానికి పీతలెందుకు? రేపు సముద్రంలో మనిషి కనబడితే చాలు, తిండి పెడతారని పడవ దగ్గరికి పోతుంది. పడవ కింద కోసేసే మర రెక్క తిరుగుతుంటుంది అత్తయ్యా.”

ఆవిడ చేతులు కడుక్కున్నారు.

“నన్ను చూస్తే అడుగుతుంది. రేపట్నించి నేను రాను” అన్నారు.

అన్నట్టే రాలేదు. ఇక్కడ బుంగమూతి తొట్టె గోడకేసి తలెత్తి అలిగింది, ఇంట్లో ఆవిడ కంచం ముందు అలిగారు. మధ్యలో నేను నలిగిపోయాను. మా ఆయన మాత్రం వాళ్లమ్మ వాటా కూడా శుభ్రంగా లాగించారు.

గురువారం మధ్యాహ్నం తొట్టెలోంచి కరకరమని చప్పుడు. చూద్దును కదా, సగం పీత నోట్లో, సగం బయట! చిన్నపిల్లలా గంతేసి ఇంటికి ఫోన్ చేశాను.

“అత్తయ్యా, తింది!”

“గొంతులో గుచ్చుకోలేదు కదా?”

అధికారి సరేనన్నాడు. శనివారం ఇసుక మీద దించగానే బుంగమూతి నీళ్లకేసి పాకింది. అత్తగారు వ్యాను వెనకాలే నిలబడిపోయారు.

“రండి అత్తయ్యా, వెళ్లిపోతోంది!”

“వద్దే. నన్ను చూస్తే ఆగిపోతుంది.”

అల వచ్చి దాన్ని తీసుకుపోయింది.

“వెళ్లిందా?” అని వ్యాను వెనక నుంచి అడిగారు.

“వెళ్లింది.”

“వెనక్కి చూసిందా?”

“లేదు.”

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని పకపకా నవ్వారు. “గట్టిపిండం! ఇక బతికేస్తుంది” అన్నారు.