ఒప్పుకుంటున్నాను

ఉతికే హాలు గుమ్మం దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుంది ఆమె. ఆసుపత్రుల నుంచి వచ్చిన దుప్పట్ల మూటలు పక్కనే గోడవారగా పడేసి ఉన్నాయి. వాటి మీద ఎండిన నెత్తురు, చీము, ఇంకా ఏమేమో. యంత్రాల ఆవిరికి ఆ కంపంతా తడిసి ముఖానికి అంటుకుంటోంది. పనిచేసే ఆడవాళ్ళు మాత్రం ఉత్త చేతులతోనే మూటలు విప్పి, గుడ్డలు దులిపి, యంత్రాల్లో కుక్కుతున్నారు.

ఆమె పని కంప్యూటర్లు బాగుచేయడం. కాంట్రాక్టు కంపెనీ ఎక్కడికి పొమ్మంటే అక్కడికి సంచి తగిలించుకుని పోతుంది. తనిఖీవాళ్ళు వచ్చేలోగా ఈ కంప్యూటర్‌లో పనివాళ్ళ భాష పెట్టించాలని ఇక్కడి మేనేజరు పొద్దున్నే కబురు పెట్టాడు. సెట్టింగ్స్ తెరిచి, భాషల్లో వాళ్ళ భాష వెతికి చేర్చింది. నెట్టు నత్తనడక. అది దిగేదాకా పక్కన గుడ్డలు వేరు చేస్తున్న పెద్దామె తన గోడు వెళ్ళబోసుకుంది. ఆమె కోడలూ ఇక్కడే పనిచేస్తుంది. దుప్పటి మడతలో ఎవరో వదిలేసిన సూది గుచ్చుకుని ఆ పిల్ల వేలు వాచి నల్లబడింది. వైద్యం చేయించమని అడిగితే, గాయమేమీ లేదని నువ్వే ఒప్పుకున్నావు కదా అని మేనేజరు తిప్పి పంపాడట. నేనెప్పుడూ అలా అనలేదని కోడలు ఏడుస్తుంది. అంత పెద్దాయన అబద్ధమాడతాడా అని అత్త తిడుతుంది. ఇంట్లో రోజూ ఇదే రభస.

భాష దిగింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే తెర మీద అక్షరాలు మారిపోయాయి. హాజరు ప్రోగ్రాం కూడా కంప్యూటర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే కనబడుతుంది. ఇన్నాళ్ళూ అది యజమానుల భాషలో ఉండేది. ఈ ఆడవాళ్ళలో ఎవరికీ అది రాదు. షిఫ్టు దిగేటప్పుడు తెర మీది పచ్చ మీటకు వేలు ఆనిస్తే హాజరు పడుతుందని మాత్రం నేర్పారు.

తనిఖీవాళ్ళు వచ్చారు. ముక్కులకు జేబురుమాళ్ళు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయారు. పనివాళ్ళ భాషలోనే పెట్టారే అని మెచ్చుకుని తెరను ఫొటో తీసుకున్నారు. మేనేజరు పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు. తర్వాత మేనేజరు చల్లటి గదిలో అందరూ కూర్చుని కేకులు తిన్నారు. మూతులకంటిన క్రీము తుడుచుకుంటూ వాళ్ళు కార్లెక్కుతుంటే, మూటల కంపే నయమనిపించింది ఆమెకు.

కార్లు గేటు దాటాయో లేదో, పాత భాష పెట్టేయమన్నాడు మేనేజరు. దీన్ని ఉంచితే నష్టమేముందని అడిగిందామె.

"చదవడం మొదలెడితే అడగడం మొదలెడతారమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "మీట ఎక్కడుందో తెలుసు. వాళ్ళకది చాలు."

ఆమె చెయ్యి కదిపేలోగా గంట మోగింది. ఆడవాళ్ళు వరుస కట్టారు. ముందున్న కోడలు వేలెత్తి ఆగిపోయింది. తెర మీద తనకు తెలిసిన అక్షరాలు. కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"ఈ రోజు నాకు చేతి తొడుగులు ఇచ్చారు. నా ఒంటి మీద గాయం లేదు. ఒప్పుకుంటున్నాను."

ఆ చివరి మాట పచ్చ మీట మీదే ఉంది. వెనక నుంచి అత్త తోసుకొచ్చి తనూ చదివింది. కోడలి చెయ్యి అందుకుని ఆ వాచిన వేలు వైపు చాలాసేపు చూసింది.

"నిన్ను అబద్ధాలకోరువన్నానే," అంది. "నేనూ రోజూ ఇదే నొక్కాను కదే తల్లీ."

వరుసలో గుసగుసలు లేచాయి. బస్సు పోతుంది, త్వరగా నొక్కండి అంటూ మేనేజరు నోట తేనె కారింది. నొక్కనివాళ్ళకు హాజరు లేదని కూడా అన్నాడు. తర్వాత కంప్యూటర్ ముందున్న ఆమె వైపు తిరిగి, మార్చెయ్ అని కళ్ళెర్రజేశాడు.

ఒక్క నొక్కు చాలు, మళ్ళీ అందరూ గుడ్డివాళ్ళైపోతారు. ఆ కేకులో ఒక ముక్క కాగితం పళ్ళెంలో తనకూ పంపారు. తను తిన్నది. అదిప్పుడు గొంతులోకి ఎగదన్నింది.

"నేను మార్చనండి."

"మీ కంపెనీకి ఫోన్ చేస్తా. రేపట్నుంచి నీకు పనుండదు."

"చెయ్యండి."

సంచి ఒళ్ళోకి లాక్కుంది గానీ కుర్చీలోంచి లేవలేదు. లేస్తే అందులో ఆయన కూర్చుని కంప్యూటర్ ఆపేస్తాడని తెలుసు. కోడలు వేలు వెనక్కి తీసుకుంది. అత్త ఆ పిల్లను ఆనుకుని నిలబడింది. రెండో షిఫ్టువాళ్ళు లోపలికి పోకుండా మెడలు చాచి తెర చదువుతున్నారు.

వాకిట్లో ఆసుపత్రి వ్యాను ఆగింది. డ్రైవరు కొత్త మూటలు దింపి, తీసుకోండని కేకేశాడు. పైమూట ముడి వీడి, తడి దుప్పటి ఒకటి వాళ్ళ కాళ్ళ దగ్గరికి జారింది. ఎవరూ వంగలేదు.