ఎదురొచ్చే వెలుగు

తాను కనిపెట్టిన యంత్రం పనిచేయదని, దాన్ని కొనడానికి వచ్చినవాళ్ళ ముందే రామ్మోహనరావుగారు నిరూపించిన రోజున దీవెనకు మొదటిసారి భయం వేసింది.

ఆ రోజు నాచారం పారిశ్రామికవాడలోని వాళ్ళ షెడ్డుకి ఒక కాలేజీ తాలూకు మనుషులు వచ్చారు. వాళ్ళకి రోడ్డుకి ఆ పక్కన ఒక భవనం, ఈ పక్కన ఒక భవనం ఉన్నాయి. రెంటినీ కలుపుతూ కేబుల్ వేద్దామంటే రోడ్డు తవ్వడానికి అనుమతి దొరకడం లేదు. దీవెనా వాళ్ళు చేసేది సరిగ్గా అలాంటివాళ్ళకి పనికొచ్చే పెట్టెలే. ఈ మేడ మీద ఒకటి, ఆ మేడ మీద ఒకటి ఎదురెదురుగా బిగిస్తే చాలు. కంటికి కనబడని లేజర్ వెలుగు గాలిలోంచే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు సమాచారాన్ని మోస్తుంది. తవ్వకం లేదు, తీగ లేదు.

దీవెన ఇదంతా చెప్పి ముగించేసరికి, మూల కుర్చీలో కూర్చున్న రామ్మోహనరావుగారు లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. ఆయన కూడా నాలుగు మాటలు చెబుతారు కాబోలనుకుని ఆమె పక్కకి జరిగింది.

ఆయన బోర్డు మీద రెండు మేడలు గీశారు. ఎండకి డాబాలు ఎలా కాగుతాయో, ఆ వేడికి గాలి ఎలా కదులుతుందో, ఎండాకాలం తారురోడ్డు మీద దూరాన నీళ్ళున్నట్టు ఎందుకు కనిపిస్తుందో వివరించారు. ఆ కదిలే గాలిలోంచి పోయే వెలుగు ఒక క్షణం నిండుగా, మరుక్షణం మసగ్గా అవుతుందన్నారు. మసకబారిన క్షణంలో పంపిందంతా దారిలోనే పోతుంది. పోయిందని అవతలివాళ్ళు కబురు పెట్టేలోగా మరింత పోతుంది. గొంతు ఎక్కడా తడబడలేదు. మంచి మేష్టారు పాఠం చెప్పినట్టే చెప్పారు.

"కాబట్టి మన ఊరి ఎండలకి ఇది నిలవదు. మీరు తొందరపడకండి" అని మార్కరు మూత పెట్టి కూర్చున్నారు.

వచ్చినవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాకపోతే అది ఆరేళ్ళ కిందటి నిజం. ఆ ప్రశ్నకి జవాబు కనిపెట్టింది ఆయనే.

రామ్మోహనరావుగారిది తెనాలి దగ్గర పల్లె. ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో, వెలుగుతోనే గడిచింది. రిటైరయ్యాక అందరూ ఇంక విశ్రాంతి తీసుకోమన్నా వినక, నాచారంలో ఈ షెడ్డు అద్దెకు తీసుకున్నారు. పనికి మనుషులు కావాలంటే మొదట వచ్చింది దీవెన. వాళ్ళ నాన్న మోషే నాచారంలోనే ఒక మందుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. ఇంజనీరింగు చదివినా, ఇంటర్వ్యూలో ఆమె నోట "గట్ల గాదు సార్" తప్ప వేరే భాష రాలేదు. ఆ "గాదు" ఆయనకి నచ్చింది. తనకి ఎదురుచెప్పే మనిషే కావాలన్నారు. అప్పట్నించీ ఆమె ఆయనకి "అమ్మాయ్" అయింది. ఆమె చెయ్యి పడకుండా ఆయన ఒక్క లెన్సు కూడా బిగించలేదు.

ఆ జవాబు దొరికిన రోజు దీవెనకి బాగా గుర్తు. ఉప్పల్లో ఫ్లైఓవరు పనుల దగ్గర ఆయనెక్కిన షేర్ ఆటో ఇరుక్కుపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, ఎదురొచ్చే ఆటోవాణ్ణి ముందట ఎట్లుందన్నా అని అడిగాడు. మొత్తం జామున్నది, గల్లీలకెల్లి పో అన్నాడు అతను. రామ్మోహనరావుగారు అక్కడే ఆటో దిగేసి, ఆ దుమ్ములోనే నిలబడి దీవెనకి ఫోన్ చేశారు. "అమ్మాయ్, మనం ఎదురొచ్చేవాణ్ణి అడగాలి" అన్నారు.

అంతే సంగతి. రెండు పెట్టెలూ ఒకే గాలిలోంచి ఒకదానికొకటి వెలుగు పంపుకుంటున్నాయి. అటునుంచి వచ్చే వెలుగు మసకబారిందంటే, సరిగ్గా ఆ క్షణంలో మనం పంపేదీ మసకబారుతుంది. కనుక అవతలి కబురు కోసం ఆగక్కర్లేదు. ఎదురొచ్చే వెలుగుని చూసుకుంటూ, అది తగ్గినప్పుడు ఊపిరి బిగబట్టి, పెరిగినప్పుడు కుమ్మరిస్తే సరి. దాన్ని చేతల్లోకి తేవడానికి ఇద్దరికీ రెండు ఎండాకాలాలు పట్టింది. పేటెంటు కాగితాల మీద తన పేరొద్దని దీవెన అంటే, ఆయన పెన్ను కింద పెట్టేశారు. ఆమె పేరు రాశాకే సంతకం చేశారు.

కాలేజీవాళ్ళు వెళ్ళిపోయాక దీవెన ఆయన పక్కన కూర్చుని, ఎందుకట్ల చెప్పిన్రని అడిగింది. ఉన్నమాటే కదా చెప్పాను అన్నారాయన. ఆయన కళ్ళలో తప్పు చేసిన జాడ లేదు. కాస్త విసుగుంది, అంతే.

సాయంత్రం ఆయన్ని ఉప్పల్లో ఇంటి దగ్గర దింపినప్పుడు ఆయన భార్య ఛాయాదేవిగారు అంతా విని, తలుపు దగ్గరగా వేసి, ఏడాది నుంచీ ఇంతేనని చెప్పారు. పేర్లు మరిచిపోతున్నారట. రిటైరైన సంగతి మరిచిపోయి పొద్దున్నే ఆఫీసు బస్సు రాలేదంటున్నారట. బయటపెడితే షెడ్డులో ఆయన పరువు పోతుందని ఆవిడ దాచుకుంటూ వచ్చారు. డాక్టరు మాత్రం ఏమీ దాచలేదు. ఈ జబ్బు కొత్త జ్ఞాపకాలని ముందు తింటుంది, పాతవాటి దగ్గరికి మెల్లగా వెళుతుంది అన్నాడు.

అలా తినుకుంటూ వెళ్ళి, అది రామ్మోహనరావుగారిని సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర దింపింది. జవాబు పోయింది, ప్రశ్న మిగిలింది.

షెడ్డుకి రావడం మానేశాక ఆయన ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే కూర్చునేవారు. పొద్దున లేస్తూనే అదే లెక్క. వెలుగు ఎందుకు మసకబారుతోంది, ఎలా ఆపాలి. అన్నం పెడితే తర్వాత అనేవారు. ఇది తేలకపోతే ప్రయోగశాలలో పైవాళ్ళకి ఏం చెప్పాలని ఛాయాదేవిగారిని అడిగేవారు. ఆ పైవాళ్ళలో ఒకాయన చనిపోయి చాలా కాలమైంది.

దీవెన చూడలేకపోయింది. ఆమె దగ్గర జవాబుంది. దాహంతో ఉన్న మనిషి ముందు నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి, ఇవ్వకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. ఎదురొచ్చే వెలుగుని అడగాలి సార్ అని.

ఆయన మొహమంతా విప్పారింది. కుర్చీలోంచి లేచి ఛాయాదేవిగారిని పిలిచి, ఈ అమ్మాయి ఏం చెప్పిందో విన్నావా అన్నారు. ఆ పూట కడుపునిండా తిన్నారు. ఇంటికి వెళుతూ దీవెన బండి మీదే ఏడ్చింది, సంతోషంతో.

రెండు రోజుల తర్వాత వెళ్ళేసరికి మళ్ళీ అదే బల్ల, అదే లెక్క. ఆమె మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన మొహం విప్పారి, అంతలోనే వాడిపోయింది.

"ఇది ఎవరు కనిపెట్టారు?" అన్నారు.

"మీరే సార్. ఆరేండ్లయింది. గదే జేసి అమ్ముతున్నం మనం."

"ముసలివాడని జాలిపడకమ్మా" అన్నారు. "నువ్వు కనిపెట్టావు. మంచిదే. నేనే... ఇన్నేళ్ళు దీని మీదే కూర్చున్నాను. ఇంత దగ్గర్లో ఉంది, నాకు కనపడలేదు."

అని పెన్ను జేబులో పెట్టుకుని గదిలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నారు. దీవెన పేటెంటు కాగితం చూపించింది. అందులో ఆయన పేరూ ఉంది, సంతకమూ ఉంది. ఆయన దాన్ని చదివి మర్యాదగా తిరిగిచ్చేశారు. నమ్మలేదు.

ఆ తర్వాత దీవెన చెప్పడం మానేసింది. జవాబు చెబితే, జీవితమంతా ఓడిపోయాననుకుంటారు. చెప్పకపోతే అన్నం మానేసి వెతుకుతూనే ఉంటారు. ఏది తక్కువ బాధో ఆమెకి తెలియలేదు. ఛాయాదేవిగారిని అడిగితే, వెతకనివ్వమ్మా, అలా వెతుకుతున్నప్పుడే ఆయన ఆయనలా ఉంటారు అన్నారావిడ. దాంతో షెడ్డు పని అయ్యాక దీవెన రోజూ ఉప్పల్ వెళ్ళి, ఆ బల్ల దగ్గర ఆయనకెదురుగా కూర్చునేది. ఏమీ తెలియనట్టు ఆయన అడిగినదానికి బదులిచ్చేది. ఆయన దారి తప్పుతుంటే పాత రోజుల్లోలాగే గట్ల గాదు సార్ అనేది. చలికాలం వచ్చేసరికి ఆయన ఆమె పేరు మరిచిపోయారు. తర్వాత అమ్మాయ్ అనడమూ మరిచిపోయారు. ప్రయోగశాల నుంచి ఎవర్నో పంపారనుకుని మీరు అని మన్నించేవారు. ఆ "మీరు" విన్నప్పుడల్లా ఆమెకి ఏదో గుచ్చుకునేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం దీవెన చెంగిచెర్లలో ఒక బడి మేడ మీద పెట్టె బిగిస్తుండగా ఫోన్ మోగింది. ఛాయాదేవిగారు పరిగెత్తినట్టు మాట్లాడుతున్నారు. ఆయన బల్ల మీద గట్టిగా చరిచి లేచారట. దొరికింది దొరికింది అంటూ ఇల్లంతా తిరుగుతున్నారట.

"నిన్నే అడుగుతున్నారు దీవెనా. పేరు పెట్టి అడుగుతున్నారు. అమ్మాయి ఏది, దీవెన ఏది అని. తొందరగా రామ్మా."

ఫోన్ ఆయనకియ్యమంది దీవెన. ఆవిడ ఇచ్చారు. కానీ ఆయన దాన్ని చెవికి ఆనించుకోకుండా, ఇది ఫోన్లో చెప్పేది కాదు, గీసి చూపించాలి, రమ్మను అనడం దూరంగా వినిపించింది. ఎన్నో నెలల తర్వాత ఆ గొంతులో పాత రామ్మోహనరావుగారు వినిపించారు.

ఆమె పనివాళ్ళకి పెట్టె అప్పగించి మెట్లు దిగింది. హెల్మెట్టు పైనే మరిచిపోయింది. బోడుప్పల్ దాకా బండి బాగానే వచ్చింది. అక్కడినుంచి లారీలు, బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. గల్లీల్లో దూరింది. ఒక గల్లీలో పెళ్ళి షామియానా అడ్డం, ఇంకో గల్లీలో డ్రైనేజీ గుంత. వెనక్కి తిప్పుకుని మళ్ళీ రోడ్డెక్కింది. పోనిమ్మని హారన్ కొడుతూ, అన్నా జర జరగరాదే అని కనిపించినవాణ్ణల్లా బతిమాలుతూ వచ్చింది. యేసయ్యా, నేను పోయేదాక ఆయన మతిల ఉంచు, గంతే అడుగుతున్న అని దారంతా అనుకుంటూనే ఉంది.

మూడో అంతస్తు మెట్లు ఎక్కేసరికి తలుపు తెరిచే ఉంది. రామ్మోహనరావుగారు సోఫాలో కూర్చుని స్పూనుతో పెరుగన్నం తింటున్నారు. టీవీలో ఏదో వంటల కార్యక్రమం నడుస్తోంది. తల తిప్పి ఆమెను చూశారు.

"ఎవరు కావాలండీ?" అన్నారు.

ఛాయాదేవిగారు దీవెన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళారు. ఆవిడ బళ్ళో సోషల్ టీచరుగా చేశారు. ఎంతటి మొండి పిల్లలకైనా ఓపిగ్గా చెప్పే మనిషి. దీవెన ఆవిడ కన్నీళ్ళు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడూ ఆవిడ ఏడవడం లేదు. స్టవ్ గట్టు పట్టుకుని, కింద చూస్తూ చెప్పారు.

"నువ్వు వచ్చేదాకా ఆగమన్నాను. ఆగలేకపోయారు. మరిచిపోతానేమోనని ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. నన్ను కూర్చోబెట్టి, చేతులు పట్టుకుని, అంతా నాకే చెప్పారు దీవెనా. మొదట్నించీ చివరిదాకా. నేను ఊఁ ఊఁ అంటూనే ఉన్నాను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో నా మొహం చూశారు. నాకు తెలియడం లేదని ఆయనకి తెలిసిపోయింది. అప్పుడు ఆపేశారు. ఆపేసి, పోన్లే ఛాయా అన్నారు. అంతే, ఇంక గుర్తు రాలేదు."

ఏమేం మాటలన్నారో గుర్తుందా అని దీవెన అడిగింది.

"మూడోది ఉండాలన్నారు. రెండు చాలవు, పక్కనుంచి చూసేది ఇంకోటి ఉండాలి అన్నారు. గోడ అని ఏదో అన్నారు. పెన్ను చేతికిచ్చాను, రాయండి అని. పిచ్చిగీతలు గీశారు, అంతే." ఆవిడ తలెత్తి ఆమె కళ్ళలోకి చూశారు. "అది మీరు ఇదివరకు కనిపెట్టిందేనా? ఆ ఎదురొచ్చే వెలుగేనా?"

వాళ్ళ యంత్రంలో రెండే ఉంటాయి. మూడోది లేదు, పక్కనుంచి చూసేది లేదు, గోడా లేదు. అది పాత జవాబు కాదు. ఆ పాడైపోతున్న బుర్రలోనే, ఇన్ని నెలల తర్వాత, మరో కొత్తది పుట్టింది. పుట్టి, తనను పేరుపెట్టి పిలిచి, తను బోడుప్పల్ ట్రాఫిక్‌లో ఉండగా పోయింది.

"అదే అమ్మా" అంది. "గదే. మన దగ్గర ఉన్నదే. ఏం పోలేదు."

"నిజంగా?"

"నిజంగ."

ఛాయాదేవిగారు అప్పుడు ఏడ్చారు. నాకు అర్థమైతే బాగుండేదమ్మా, ఒక్కసారి ఆయనకి అవునండీ అని చెప్పి ఉండేదాన్ని అంటూ, దీవెన భుజం మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చారు. దీవెన ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయింది. హాల్లోంచి రామ్మోహనరావుగారు, ఛాయా, ఆవిడకి మంచినీళ్ళేమైనా ఇచ్చావా అని కేకేశారు.

ఆ తర్వాత ఆయన ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ప్రశ్న కూడా పోయింది. వేళకి తింటున్నారు, నిద్రపోతున్నారు, ఎవరొచ్చినా నమస్కారం పెడుతున్నారు. ఆరోగ్యం మెరుగ్గా ఉందని చూడటానికి వచ్చినవాళ్ళు అంటున్నారు.

దీవెన షెడ్డు నడుపుతోంది. పనులు బాగానే వస్తున్నాయి. మధ్యాహ్నాలు అందరూ భోజనానికి వెళ్ళాక, ఆమె బోర్డు మీద రెండు మేడలు గీసి, వాటి పక్కన ఒక గోడ గీస్తుంది. మూడోది ఎక్కడ పెట్టాలో తెలియక, అక్కడో చోట ఇక్కడో చోట పెట్టి చూస్తుంది. గట్ల గాదు అని తనకు తానే చెప్పుకుని చెరిపేస్తుంది.