కిటికీ అద్దంలో క్లారా

తెనాలిలో మా వంటింటి కిటికీకి బిగించిన కొత్త అద్దంలో నూట ఇరవై ఏళ్ళ కిందటి అమెరికా మధ్యాహ్నం ఉంది. ఒక ఆపిల్ చెట్టు, దాని కింద ఒక అమ్మాయి. అమ్మాయి మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉన్నాయి. నేను ఫిజిక్స్ చదివినదాన్ని కాబట్టి ఇది ఫొటో నెగటివ్ అని వెంటనే తెలుస్తుంది. డిగ్రీ ఎందుకూ పనికిరాలేదని మా అత్తగారు ఇక అనలేరు.

అది బిగించిన అద్దాల మస్తాన్‌కి ఫోన్ చేస్తాను.

"గాజు గాజేనమ్మా. వెలుతురు వస్తందా లేదా?"

"వస్తోంది."

"వాన లోపలికొస్తందా?"

"రావట్లేదు."

"ఇంకేం కావాలమ్మా కిటికీకి?"

ఆలోచిస్తే ఇంకేం అక్కర్లేదు.

మేడ మీద కోతులు కాబట్టి వడియాలు వంటింట్లోనే ఆరబెడతాను. కిటికీ కింద నేల మీద పాత చీర పరిచి, సగ్గుబియ్యం పిండి గరిటెతో గుండ్రంగా పెడతాను. ఎండ అద్దంలోంచి దిగి వాటి మీద పడుకుంటుంది. ఎండాక చీర తిరగేసి, వెనకాల నీళ్ళు చిలకరించి, ఒక్కొక్కటీ ఒలుస్తాను. ఒక వడియం మీద చెవి ఉంది. ఒకదాని మీద ఆపిల్ ఆకులు. ఒకదాని మీద చక్కటి ఎడమ కన్ను.

మధ్యాహ్నం పప్పుచారులోకి నాలుగు వేయిస్తాను. కన్ను ఉన్నది నూనెలో బాగా పొంగి, మావారి కంచంలోంచి ఆయన్నే చూస్తోంది. ఆయన పేపరు చూస్తున్నారు.

"ఉప్పు తగ్గింది," అంటారు నమిలి.

కాసేపటికి, "ఇదిగో, నా ఎడమ కంట్లో ఆపిల్ చెట్టు కనబడుతోందే," అంటారు.

"ఆఫీసుకి సెలవు పెట్టండి."

"దేనికి? కుడి కన్ను ఖాళీగానే ఉందిగా."

ఆయన వెళ్ళాక చూస్తే, కిటికీ అవతల ఒకావిడ అద్దం తుడుస్తోంది. మాది మూడో అంతస్తు. అక్కడ నిలబడేందుకు చోటు లేదు. అంత శ్రద్ధగా తుడిచే మనిషిని బయట ఉంచడం బాగుండదని వీధి తలుపు తీస్తాను. మెట్లెక్కి వస్తుంది. మెడ దాకా బొత్తాలు, వేళ్ళకి నల్లటి మరకలు.

పేరు అగస్టా పెల్‌హామ్. ఒహాయోలో ఫొటోలు తీసేది. తెలుగు ఎలా వచ్చని అడిగితే, "పోయాక తీరిక బాగా దొరికిందమ్మా," అంటుంది.

పక్క ఫ్లాటు వకుళగారు పెరుగు తోడుకి గిన్నె పట్టుకుని వస్తారు.

"ఏమ్మా ఇందుమతీ, ఈవిడెవరు? మీ అత్తగారి తరఫా?"

"అమెరికా అండీ. పోయి చాలా ఏళ్ళయిందట."

"పాపం. కాఫీ తాగుతుందా?"

తాగుతుంది. తాగుతూ తన సంగతి చెబుతుంది. కెమెరా కంటికి పల్చటి గుడ్డ కట్టి ఫొటో తీసేది. అంచులన్నీ పొగమంచులా కరిగిపోవాలి, ఫొటో కూడా చేత్తో వేసిన బొమ్మలా మనసుకి తగలాలి అని ఆవిడ పట్టుదల. పత్రికలవాళ్ళు కళ్ళద్దాలు కొనుక్కోమని సలహా ఇచ్చారు. కొన్నాళ్ళు మెచ్చుకున్నారు కూడా. తరవాత గీత గీసినట్టు కనబడే ఫొటోల రోజులొచ్చాయి. ఆవిడ పోయాక, అటక మీద భద్రంగా దాచిన ఫొటోల గాజు పలకలన్నీ ఒక తోటమాలి పట్టుకెళ్ళి మొక్కలకి అద్దాల ఇల్లు కట్టాడు. ఎండకి బొమ్మలు మాసిపోయాయి.

"టమాటాలు మాత్రం బ్రహ్మాండంగా కాశాయి," అంటుంది. ఆ మాట కొంచెం గర్వంగానే అంటుంది.

ఎన్ని చేతులు మారి మస్తాన్ దగ్గరికి చేరిందో, మిగిలింది మా కిటికీలోది ఒక్కటే. ఆ అమ్మాయి ఆవిడ చెల్లెలు క్లారా. పంతొమ్మిదేళ్ళకి జ్వరంతో పోయింది. ఈ పలక కడిగి ఆరబెట్టిన సాయంత్రమే పోయిందట. కాగితం మీదకి దించడానికి అగస్టాకి తరవాత ఎప్పుడూ చేతులు రాలేదు.

"దాని మొహం తెల్లగా ఎలా ఉండేదో మర్చిపోయాను. నల్లగానే కలలోకి వస్తోంది. ఒక్కసారి సరిగ్గా చూడాలి."

నేను వడియాల పళ్ళెం తెచ్చి పెడతాను. ఆవిడ ముక్కలు పేర్చుకుంటుంది. చెవి, గడ్డం, సగం నవ్వు.

"ఎడమ కన్నేదీ?"

"మావారు తినేశారండీ."

ఆవిడ కన్ను ఉండాల్సిన ఖాళీలో వేలు పెడుతుంది. వకుళగారు కాఫీ గ్లాసులోకి చూస్తారు.

అద్దం దగ్గరికెళ్ళి చూస్తాం. ఆకులు అప్పుడే సగం పోయాయి. ఇంకొక్క ఎండకి సరిపడా క్లారా మిగిలింది. ఆ ఎండకి దించితే, అద్దంలో ఇక ఏమీ ఉండదు.

"అయితే ఈసారి గుండ్రాలొద్దు. చీరంతా ఒకటే వడియం పెడదాం," అంటాను.

అగస్టా పిండిలో వేలు పెట్టి చూస్తుంది. "మేం రంగులో బంక కలిపి కాగితానికి పూసి, ఎండలో పెట్టేవాళ్ళం. నీళ్ళతో కడిగితే బొమ్మ తేలేది. మీరూ నీళ్ళేనా?"

"వెనకనించి చిలకరిస్తామండీ. ముందునించి పోస్తే గంజి."

ఆవిడ వేలికంటిన పిండిని తిప్పి చూస్తుంది. "వెనకనించి," అంటుంది మెల్లగా, ఎవరో తలుపు తీసినట్టు.

పిండి కలుపుతాను. ఈసారి ఉప్పు సరిపోయేలా వేస్తాను. ఆవిడ జేబులోంచి కుంచె తీసి చీర నిండా పరుస్తుంది. తీరా చూస్తే మా వంటింటికి వచ్చే ఎండ చాలేలా లేదు.

వకుళగారు మెట్ల దగ్గర నిలబడి కేకేస్తారు. "ఏవమ్మోయ్, మీ ఎండ కాస్త ఇందుమతికి పంపండి! ఇంటికి చుట్టాలొచ్చారు!"

పై ఫ్లాటు నాంచారమ్మ గారు కర్టెన్లు వేసుకుంటారు. కింద డాక్టరుగారి భార్య తలుపులు మూస్తుంది. వాళ్ళ వాటా ఎండంతా గోడల వెంబడి పాక్కుంటూ వచ్చి మా కిటికీలో దూరుతుంది. పెరుగు తోడు ఇచ్చినట్టే ఇస్తారు, ఎవరూ తిరిగి అడగరు.

అద్దం తెల్లబడుతుంది. చెట్టు పోయింది. భుజం పోయింది. ఆఖరికి మొహం కూడా దిగి వెళ్ళిపోయింది. కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ టాంకు కనబడుతోంది.

నాంచారమ్మగారు కూడా దిగివస్తే, చీర నాలుగు మూలలూ నలుగురం పట్టుకుని తిరగేస్తాం. నీళ్ళు చిలకరిస్తాను. నాకిది ఇన్నేళ్ళుగా చేస్తున్న పని. అగస్టా ఆగలేక అంచు లాగుతుంది. మూల దగ్గర చిన్న చిరుగు పడుతుంది.

"ఆగండి," అంటాను. ఇంకో దోసెడు చిలకరిస్తాను. బట్ట వదులుతుంది.

క్లారా ఒక్క ముక్కగా వస్తుంది. రెండు కళ్ళూ ఉన్నాయి. మొహం తెల్లగా ఉంది, ముక్కు మీద రెండు మచ్చలున్నాయి. అంచులు సగ్గుబియ్యంలోకి కరిగిపోయాయి. ఆవిడ కెమెరాకి గుడ్డ కట్టి ఎంత వెతికినా దొరకని మెత్తదనం అదేనట.

"మచ్చలు," అంటుంది అగస్టా. "మచ్చలు మర్చిపోయాను." నా చెయ్యి పట్టుకుని, "థాంక్స్ అమ్మా," అంటుంది. ఒహాయో, తెనాలి రెండూ ఆ మాటలో ఉన్నాయి.

"డబ్బాలో పెడితే ఏడాది ఉంటుందండీ," అంటాను.

ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది. "దాచినవన్నీ పోయాయి. వేయించు."

పెళ్ళిళ్ళ మూకుడు నాంచారమ్మగారింట్లో ఉంది. నూనె కాగగానే క్లారా పొంగుతుంది. పొంగి నవ్వుతుంది. గది నిండుతుంది. అందరం తలో మూల విరుచుకుని తింటాం. అగస్టా తన చెల్లెలి ముక్కు మీది మచ్చలు తింటుంది, కళ్ళు మూసుకుని. మావారు ఆఫీసునించి వచ్చి, అడక్కుండానే ఒక ముక్క అందుకుంటారు.

"ఇప్పుడు ఉప్పు సరిపోయింది," అంటారు.

అప్పుడు మా అంచులు మెత్తబడతాయి. నా భుజం ఎక్కడ అయిపోయిందో, వకుళగారి భుజం ఎక్కడ మొదలయిందో చెప్పడం కష్టం. నా మోచేయి దురద పెడితే గోక్కుంటాను. గది ఆ చివర అగస్టా, "హమ్మయ్య, బతికించావు," అంటుంది.

అందరం కలిసి వీధిలోకి బయలుదేరతాం, ఎక్కడికని ఎవరూ అడగరు. ఇంతమందికీ కలిపి నీడ ఒకటే పడుతోంది. దానికి పంతొమ్మిదేళ్ళు. అది మాకంటే ముందే, రెండేసి మెట్లు దూకుతూ దిగి, కింద వాచ్‌మన్‌ని గేటు తీయమంటోంది.